యాప్ వినిపించేవి కాకుండా కొత్త ఇండీ పాటలు మీకు ఎక్కడ దొరుకుతున్నాయి?

వర్షంలో గిటార్
మూడు నెలలైంది, నా ప్లేలిస్ట్‌లో కొత్త పాట ఒక్కటీ చేరలేదు. స్పాటిఫై నా అలవాట్లు చూసి సోమవారం ఇచ్చే డిస్కవర్ వీక్లీ లిస్టులోని 30 పాటలూ వింటున్నా, కానీ అవన్నీ నాకు ముందే ఇష్టమైన బ్యాండ్లకు నకళ్లలా ఉంటున్నాయి, అదే గిటార్ టోన్, అదే మెత్తటి గొంతు. పెద్ద లేబుల్ అండ లేకుండా సొంతంగా పాటలు వదిలే పాప్, రాక్ ఆర్టిస్టులు కావాలి. వాళ్ల రెండో పాటో మూడో పాటో వచ్చినప్పుడే మన చెవిన పడితే ఆ ఆనందమే వేరు. రోజుకి అరగంట పెట్టగలను, ఎక్కడ వెతకాలో చెప్పండి.

బేస్ లైన్
బ్యాండ్‌క్యాంప్‌కి వెళ్లండి, ఆర్టిస్టులు తమ పాటల్ని నేరుగా శ్రోతలకి అమ్ముకునే సైట్ అది. అక్కడ ఆల్బమ్ పేజీలో దాన్ని కొన్నవాళ్ల చిన్న చిన్న బొమ్మలు కనిపిస్తాయి, చాలామంది వాటిని పట్టించుకోరు. ఒకదాని మీద నొక్కితే ఆ మనిషి కొన్న ఆల్బమ్‌లన్నీ వరసగా వస్తాయి. మీకు నచ్చినవి మూడు నాలుగు ఉన్న మనిషి దొరికితే మిగతావి కూడా వినేయండి, నాకు ఇష్టమైన బ్యాండ్లలో సగం ఇలా దొరికినవే. పేజీ కింద ట్యాగ్‌లు కూడా ఉంటాయి, కానీ 'రాక్' లాంటి పెద్ద ట్యాగ్‌లో పడితే తేలలేరు.

నచ్చితే కొనండి కూడా. స్పాటిఫై 2024 నుంచి ఏడాదిలో 1,000 సార్లైనా వినని పాటకి రాయల్టీ ఇవ్వడం లేదు, కొత్తవాళ్లకి దెబ్బ తగిలేది అక్కడే. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకం మీద మామూలుగా 15 శాతం తీసుకుంటుంది, బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో అదీ వదిలేస్తుంది.

రాత్రి రేడియో
నేనైతే రేడియోనే అంటాను. అమెరికాలో సియాటిల్‌లోని కేఈఎక్స్‌పీ రేడియో స్టేషన్ లైవ్ సెషన్లు యూట్యూబ్‌లో ఉన్నాయి, స్టూడియోలో నిలబడి వాయిస్తున్నప్పుడు బ్యాండ్ సత్తా దాగదు. బీబీసీ ఇంట్రడ్యూసింగ్ 2007 నుంచి, ఆస్ట్రేలియాలో ట్రిపుల్ జే అన్‌ఎర్త్‌డ్ 1995 నుంచి ఇంకా పేరు రాని వాళ్ల కోసమే నడుస్తున్నాయి. ఎవరో ఒక మనిషి కూర్చుని విని, ఇది బాగుంది అనుకుని వేసిన పాట అది. ఆ తేడా నాకు వినగానే తెలుస్తుంది.

శుక్రవారం
యాప్‌ని మరీ తీసిపారేయకండి. చిన్న బ్యాండ్ నచ్చితే ఫాలో కొట్టండి, శుక్రవారం వచ్చే రిలీజ్ రాడార్‌లో వాళ్ల కొత్త పాటలు వస్తాయి. వేరే పనిలో ఉండి నచ్చని పాటని అలా చివరిదాకా మోగనిస్తే మాత్రం అలాంటివే ఇంకో పది వస్తాయి.

బేస్ లైన్
ఇంకో మాట మర్చిపోయా. పాట నచ్చితే క్రెడిట్స్ చదవండి, మిక్సింగ్ ఎవరు, డ్రమ్స్ ఎవరు అని. ఒకే డ్రమ్మర్ మూడు బ్యాండ్లలో వాయిస్తూ ఉంటాడు. రికార్డింగ్ గరుగ్గా ఉందని మొదటి నిమిషంలోనే వదిలేయకండి, పడకగదిలో రికార్డ్ చేసిన పాటలు రెండోసారి వింటేనే మనసుకి పడతాయి.

వర్షంలో గిటార్
బేస్ లైన్ గారూ, ఆ కొన్నవాళ్ల పద్ధతి రాత్రే చూశాను. మూడో మనిషి దగ్గర ముగ్గురు సభ్యుల బ్యాండ్ ఒకటి దొరికింది, గొంతు కొంచెం వెనక్కి వినిపిస్తుంది కానీ రెండో పాటలో గిటార్ ఆగిపోయి బేస్ ఒక్కటే మిగిలే చోటుందే, దానికోసమే ఆరుసార్లు విన్నాను. ఆల్బమ్ కొనేశాను. వాళ్ల డ్రమ్మర్‌కి ఇంకో బ్యాండ్ కూడా ఉంది, ఇప్పుడు అదే వింటున్నా.