వేడినీటి బిలాల జాడ పట్టడానికి హీలియం-3 ఒక్కటి చాలదా?

లోతునీరు: 2024 డిసెంబరులో మన సముద్ర పరిశోధన సంస్థలు ఎన్‌ఐఓటీ, ఎన్‌సీపీఓఆర్ శాస్త్రవేత్తలు హిందూ మహాసముద్రం అడుగున ఉన్న సెంట్రల్ ఇండియన్ రిడ్జ్ అనే పర్వతశ్రేణి మీద 4,500 మీటర్ల లోతున వేడినీరు చిమ్ముతూ చురుగ్గా ఉన్న బిలాన్ని ఫొటో తీశారు. అప్పటి నుంచి ఇలాంటి బిలాల జాడ నీటిలోని మాంగనీస్, మీథేన్‌తో పట్టొచ్చంటూ ఒకటే చర్చ. నా దృష్టిలో నమ్మదగ్గ ట్రేసర్ (జాడ చెప్పే పదార్థం) హీలియం-3 అనే తేలికరకం హీలియం ఒక్కటే. అది భూమి పైపొర కింద ఉన్న మాంటిల్ నుంచి వస్తుంది, దేనితోనూ చర్య జరపదు, ఏ జీవికీ అక్కర్లేదు. పసిఫిక్ అడుగున ఉన్న తూర్పు పసిఫిక్ రైజ్ అనే పర్వతశ్రేణి నుంచి 2,500 మీటర్ల లోతున దాని పాయ పడమరకు 2,000 కి.మీ. దాకా పోయిందని లప్టన్, క్రెయిగ్ అనే శాస్త్రవేత్తలు 1981లోనే చూపించారు. మాంగనీస్ అలా కాదు, బ్యాక్టీరియా దాన్ని ఆక్సైడ్‌గా మార్చి అడుగుకు చేర్చేస్తాయి.

ఉప్పుగాలి: ఓడ మీద ఉన్నవాడికి మీ హీలియం ఎందుకండీ? రాగి గొట్టంలో నీళ్లు పట్టి, రెండు చివర్లూ నొక్కి మూసి, ఒడ్డుకు తెచ్చి, మాస్ స్పెక్ట్రోమీటర్ కోసం కాచుక్కూర్చోవాలి. మీథేన్, మాంగనీస్ అయితే ఓడ మీదే తేలిపోతాయి. నా పీహెచ్‌డీలో నమూనాలు ఒక విదేశీ ల్యాబ్‌కి పంపితే ఏళ్ల తరబడి జవాబు లేదు. చివరికి గొట్టాల్లోకి గాలి దూరిందని సగం పక్కన పడేశారు. ఈలోగా నా ఫెలోషిప్ అయిపోయింది.

గోదారిగట్టు: అణుబాంబు పరీక్షల్లో వచ్చిన ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) నుంచి కూడా హీలియం-3 పుడుతుంది కదా?

లోతునీరు: పుడుతుంది, పై నీటిలో. పసిఫిక్‌లో అంత లోతున దాని వాటా లెక్కలోకి రాదు. ఉప్పుగాలి గారూ, మీ ల్యాబ్ ఆలస్యం చేస్తే అది హీలియం తప్పా?

ఉప్పుగాలి: చేతికందని కొలత ఎంత స్వచ్ఛమైనదైతే నాకేం లాభం?

లోతునీరు: మీథేన్‌ని బ్యాక్టీరియా తినేస్తాయి. నాలుగు వారాల తర్వాత అదే నీటిలో మీకేం మిగులుతుంది?

ఉప్పుగాలి: తినేస్తాయి కాబట్టే కనిపించిందంటే బిలం దగ్గర్లో ఉన్నట్టు! మీ హీలియం ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పగలరా? ఇంకో మాట. బిలాల నుంచి ఎంత ఇనుము వస్తోందో హీలియంతో గుణించి చెబుతుంటారు. కరిగిన ఇనుము 4,000 కి.మీ. దాటి పోయిందని 2015లో తేలింది నిజమే. కానీ అది పోయేకొద్దీ హీలియం కంటే 350 మీటర్లకు పైగా కిందికి దిగిపోయిందని 2017లో వచ్చింది. రెండూ ఒకే దారిలో పోవడం లేదు.

శంఖం: ఒకరు మహాసముద్రం గురించి, ఒకరు ఓడ కింద ఉన్న గుట్ట గురించి మాట్లాడుతున్నారు.

లోతునీరు: కాదు శంఖం గారూ. ఈయనకి ఆ గుట్ట ఎందుకు కావాలో అడగండి. ఖనిజాల సర్వే!

ఉప్పుగాలి: అవును, సర్వేయే. 2016లో ఐఎస్‌ఏతో (అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థ) మన దేశం 10,000 చ.కి.మీ.లో ఖనిజాల అన్వేషణకి ఒప్పందం చేసుకుంది. దొంగపని కాదు. మాటలు జాగ్రత్త.

లోతునీరు: వెతకడం తప్పని నేననలేదు. సిగ్నల్ రాని చోటల్లా 'ఆరిపోయిన బిలం' అని రాసేయడం మీదే నా కోపం. తవ్వితే ఆరిపోయినవే తవ్వుతామంటారు కదా! బ్లాక్ స్మోకర్ (నల్లటి పొగలా నీటిని చిమ్మే బిలం) నుంచి వచ్చే ప్లూమ్, అంటే ఆ నీటి పాయ, అడుగు నుంచి రెండు మూడు వందల మీటర్లు లేస్తుంది. పగుళ్లలోంచి గోరువెచ్చగా ఊరే నీరు అంత ఎత్తుకి రాదు. మీరు ఓడ వెనక లాక్కెళ్లే పరికరం దాని పైనుంచే పోతుంది. నివురుగప్పిన నిప్పుని బూడిదని రాస్తున్నారు.

ఉప్పుగాలి: ఇది మొదటి పోస్టులోనే అడగాల్సింది. దీనికి హీలియం కూడా జవాబివ్వదు. పక్క బిలాల నుంచి వచ్చిన పాత హీలియం అక్కడి నీళ్లలో ఎలాగూ ఉంటుంది. అడుగుకి కొన్ని మీటర్ల ఎత్తులో రోబోని నడిపి, ఓఆర్‌పీ సెన్సర్‌తో (నీటి ఆక్సీకరణ-క్షయకరణ స్థితిని కొలిచేది) చూడాలి. ఇప్పుడే బయటికొచ్చిన నీటిని అది పడుతుంది.

లోతునీరు: అలా చూడకుండా 'ఆరిపోయింది' అని రాయకూడదని నిబంధన పెట్టమంటే ఒప్పుకుంటారా?

ఉప్పుగాలి: ఒప్పుకుంటా. కానీ రిడ్జ్ పొడవునా అలా తిరగడానికి ఓడ ఎవరిస్తారు? ఆ ఓడ సమయం కోసం అర్జీ రాయండి, సంతకం పెడతా. హీలియం గొట్టాలకి మాత్రం అందులో చోటు అడక్కండి.

లోతునీరు: అడుగుతాను. ఆ రిడ్జ్ మొత్తం మీద మాంటిల్ నుంచి ఎంత వస్తోందో మీ రోబో చెప్పదు.