గుండె ఎమ్మారై అందరికీ అందాలంటే కొత్త మెషిన్లు కొనాలా, ఉన్నవాటి మీదే స్కాన్ టైమ్ తగ్గించాలా?

ఖమ్మం నాన్న:
మా పాపకి థలసీమియా మేజర్, ఒంట్లో రక్తం సరిగ్గా తయారవ్వని పుట్టుకతో వచ్చే జబ్బు. రక్తం ఎక్కిస్తూనే ఉండాలి, ఎక్కించేకొద్దీ ఐరన్ గుండెలో పేరుకుంటుంది. అది ఎంతుందో చూడాలంటే టీ2 స్టార్ అనే ఎమ్మారై స్కాన్ చెయ్యాలి. మా ఊళ్లో ఎమ్మారై మెషిన్ ఉంది, నడుం నొప్పులకీ తలనొప్పులకీ రోజంతా నడుస్తూనే ఉంటుంది, గుండె అనేసరికి హైదరాబాద్ వెళ్లమంటారు. ఉన్న మెషిన్ మీదే చిన్న స్కాన్ ఎందుకు పెట్టకూడదు? థాయ్‌లాండ్‌లో లండన్ డాక్టర్లతో కలిసి ఇదే స్కాన్ పది నిమిషాల లోపే చేసి చూపించారు. పెరూలోని లీమాలో 98 మందికి కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు) ఇచ్చి మరీ గుండె ఎమ్మారై చేస్తే సగటున 18 నిమిషాలే పట్టింది, ఖర్చు ఒక్కొక్కరికి 150 డాలర్ల దగ్గర తేలింది. మామూలుగా ముప్పావు గంట, గంట పట్టే స్కాన్ అది.

గుంటూరు డాక్టర్:
మీ బాధ అర్థమైంది, కానీ జిల్లా స్థాయిలో ముందు కావాల్సింది ఎకో, అంటే గుండెకి చేసే అల్ట్రాసౌండ్. చవక, మంచం దగ్గరే చేయొచ్చు. చాలా ఊళ్లలో మంచి ఎకో తీసేవాళ్లే లేరు, ఆ డబ్బు అక్కడ పెడితే ఎక్కువమందికి మేలు.

ఖమ్మం నాన్న:
మిగతా గుండె జబ్బులకి మీరన్నది ఒప్పుకుంటా సార్. థలసీమియాకి మాత్రం ఒప్పుకోను. ఎకోలో పంపింగ్ తగ్గినట్టు కనబడేసరికే ఆలస్యమైపోతుంది, ఐరన్ అంతకు చాలా ముందే చేరి ఉంటుంది. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ రక్తపరీక్ష చూసి గుండె సంగతి చెప్పలేమని 2001లోనే లండన్ వాళ్లు తేల్చారు. స్కాన్‌లో వచ్చే టీ2 స్టార్ అంకె 20 మిల్లీసెకన్ల కంటే తగ్గితే ఐరన్ చేరినట్టు, 10 కంటే తగ్గితే హార్ట్ ఫెయిల్యూర్ ప్రమాదం బాగా ఎక్కువ. ముందే తెలిస్తే ఐరన్ తీసే మందు పెంచుతారు, మారుస్తారు, పిల్లలు బతుకుతారు. బ్రిటన్‌లో ఈ స్కాన్ వచ్చాక, 1999 తర్వాత కొన్నేళ్లలోనే, ఐరన్ వల్ల పోయేవాళ్లు 70 శాతం దాకా తగ్గారు.

వైజాగ్ ఎమ్మారై టెక్నీషియన్:
అన్నా, టైమ్ ఒక్కటే కాదు సమస్య. మెషిన్ కొన్నప్పుడు కార్డియాక్ సాఫ్ట్‌వేర్, గుండె లయకి తగ్గట్టు బొమ్మ తీసే ఈసీజీ గేటింగ్ చాలాచోట్ల తీసుకోరు, అవి విడిగా కొనాలి. అవి ఉంటే టీ2 స్టార్ కష్టమేం కాదు, గుండె మధ్యలో ఒక్క స్లైస్, ఒకసారి ఊపిరి బిగబడితే చాలు, ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. మరీ చిన్నపిల్లలు ఊపిరి ఆపలేరు, కాస్త పెద్ద పిల్లలకి ముందు రెండుసార్లు ప్రాక్టీస్ చేయిస్తే బాగానే ఆపుతారు. అసలు కొరత చదివేవాళ్లది. గుండె ఫిల్మ్ మీద సంతకం పెట్టడానికి మామూలు రేడియాలజిస్టులు వెనకాడతారు.

బెంగళూరు ఇంజినీర్:
ఇప్పుడు అయస్కాంత బలం తక్కువున్న 0.55 టెస్లా మెషిన్లు వస్తున్నాయి, అయస్కాంతాన్ని చల్లబరిచే హీలియం లీటరు కంటే తక్కువతో నడిచేవి కూడా ఉన్నాయి. పాత పద్ధతి 1.5 టెస్లా మెషిన్‌లో వెయ్యి లీటర్లకు పైనే పడుతుంది. ఖర్చు నిజంగా తగ్గాలంటే అటే వెళ్లాలి, పాతవాటికి అతుకులు వేస్తూ ఎన్నాళ్లు?

వైజాగ్ ఎమ్మారై టెక్నీషియన్:
రానివ్వండి, మంచిదే. కానీ ఆ 20, 10 లెక్కలు 1.5 టెస్లాకి చెప్పినవి. అయస్కాంత బలం మారితే అంకెలూ మారతాయి, కొత్త మెషిన్‌కి మళ్లీ సరిచూసుకోవాలి.

ఖమ్మం నాన్న:
అదే నేను అనేది. కొత్తవి వచ్చేదాకా పిల్లల గుండె ఆగదు కదండీ. ఇకమీదట ప్రభుత్వం ఎమ్మారై టెండర్ వేసిన ప్రతిచోటా కార్డియాక్ ప్యాకేజీ అందులోనే ఉండాలి. వారంలో ఒక పూట థలసీమియా పిల్లలకి కేటాయించి, ఇమేజ్‌లు హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో చదివేవాళ్లకి పంపితే చాలు, పిల్లని తీసుకుని మేం వెళ్లక్కర్లేదు. డాక్టర్ గారూ, ఎకో డబ్బులు ముట్టుకోకుండానే ఇది చేయొచ్చు. ఇందులో మీకు కనబడే అడ్డంకి ఏంటో చెప్పండి.

గుంటూరు డాక్టర్:
టీ2 స్టార్ వరకు అయితే నాకు అభ్యంతరం లేదు. కాంట్రాస్ట్ ఇచ్చే పూర్తి స్కాన్ మాత్రం జిల్లాల్లో ఇప్పుడే వద్దంటాను, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి ఏ కాంట్రాస్ట్ ఇవ్వాలో, అసలు ఇవ్వాలో లేదో చూసుకునే మనిషి అక్కడ ఉండాలి.