‘టైమ్ ఔట్’కి రెండు స్టార్లు: డౌన్‌బీట్ చేసింది అన్యాయమేనా?

కాకినాడ శ్రోత:
పియానో వాద్యకారుడు డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ (నలుగురి బృందం) 1959లో చేసిన జాజ్ ఆల్బమ్ ‘టైమ్ ఔట్’ మీద ఎప్పటినుంచో ఉన్న గొడవే మళ్ళీ ఎత్తుతున్నా. జాజ్‌కి పెద్ద పత్రిక డౌన్‌బీట్. అందులో విమర్శకుడు ఐరా గిట్లర్ 1960లో ఈ రికార్డుకి ఐదుకి రెండు స్టార్లే ఇచ్చారు. జనం మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. 1961లో బిల్‌బోర్డ్ పాప్ ఆల్బమ్‌ల జాబితాలో రెండో స్థానం దాకా వెళ్ళింది. అసలు రికార్డు వేసిన కొలంబియా కంపెనీలోనే చాలామందికి ఇష్టం లేదు. అన్నీ సొంత రచనలే, డాన్స్‌కి పనికిరావు, అట్ట మీద ఫొటో బదులు పెయింటింగ్. అధ్యక్షుడు గొడ్డార్డ్ లీబర్సన్ వెనక నిలబడ్డారు కాబట్టి బయటికొచ్చింది. ఆ రెండు స్టార్లు ముమ్మాటికీ అన్యాయమని నా అభిప్రాయం.

నల్లరికార్డు:
అమ్మకాలు చూసి సంగీతానికి మార్కులు వేయకండి. కొత్త లయల ఆల్బమ్ అని పేరు కదా, మరి అందులో ఏముందో చూడండి. ‘బ్లూ రోండో’ 9/8లో, అంటే ఆవర్తనానికి తొమ్మిది దెబ్బలతో, మొదలవుతుంది. సోలోలు (ఒక్కొక్కరి విడి వాయింపు) రాగానే మామూలు నాలుగు దెబ్బల 4/4 బ్లూస్‌లోకి వచ్చేస్తారు. ‘స్ట్రేంజ్ మెడో లార్క్’ దాదాపు అంతా 4/4. ‘త్రీ టు గెట్ రెడీ’లో రెండు బార్లు (ఆవర్తనాలు) మూడులో, రెండు బార్లు నాలుగులో. గడప దాకా వెళ్ళి వెనక్కి తిరిగినట్టు ఉంటుంది. అదే ఏడాది, అదే న్యూయార్క్ 30వ వీధి స్టూడియోలో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డు చేశారు. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. నేనైతే మూడిస్తా, అంతకుమించి కాదు.

లయప్రియ:
నల్లరికార్డు గారూ, ‘టేక్ ఫైవ్’ని మాత్రం జాగ్రత్తగా దాటేశారు! ఆల్బమ్ నిలబడిందే దాని మీద. రాసింది బృందంలోని శాక్సోఫోన్ వాద్యకారుడు పాల్ డెస్మండ్. అయిదు దెబ్బలు, 3+2గా. మన ఖండచాపు 2+3 కాబట్టి చేత్తో తాళం వేస్తూ వింటే మొదట్లో తడబాటు వస్తుంది. అందులో బ్రూబెక్ సోలో వాయించరు. ఒకే వరుసను ఎడతెగకుండా తిప్పుతూ ఉంటారు. అది పియానో వాయించడమే కాదని కొందరంటారు కానీ, మన కచేరీలో మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనంలో ఎవరో ఒకరు తాళం వేస్తూ కూర్చోవాలి కదా! ఆ పని ఆయన చేస్తున్నారు. దాని మీదే జో మోరెల్లో డ్రమ్స్ లెక్కకి అతుక్కోకుండా, కావలసినంత ఖాళీ వదులుతూ తిరుగుతాయి. అంత ధీమా ఆ వరుస కదలకుండా ఉండబట్టే వచ్చింది.

ఇంకో సంగతి. 1958లో అమెరికా ప్రభుత్వం పంపిన పర్యటనలో ఈ నలుగురూ మద్రాసుకి వచ్చారు. అక్కడ మోరెల్లో మృదంగ విద్వాంసుడు పళని సుబ్రహ్మణ్య పిళ్ళైతో కలిసి వాయించారు. ‘బ్లూ రోండో’ 2+2+2+3 నడక బ్రూబెక్‌కి అదే పర్యటనలో ఇస్తాంబుల్ వీధుల్లో వినపడింది. వేరే దేశాల లయను చెవితో వినొచ్చిన మనుషులు వీళ్ళు. ఊరికే అంకెలతో ఆడుకున్నారని కొందరనడం నాకు బాధగా ఉంది.

కాకినాడ శ్రోత:
విమర్శకుల కోపానికి ఇంకో కారణం కూడా ఉందనుకుంటా. 1954లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద తెల్లవాడైన బ్రూబెక్‌ని వేశారు. ఆ గౌరవం ముందు నల్లజాతి జాజ్ దిగ్గజం డ్యూక్ ఎల్లింగ్టన్‌కి దక్కాల్సిందని బ్రూబెక్కే బాధపడ్డారు. జాజ్‌ని కట్టినవాళ్ళు నల్లవాళ్ళు, పేరూ డబ్బూ తెల్లవాళ్ళకి పోయాయి. ఆ కోపం న్యాయమైనదే. కానీ బేస్ వాద్యకారుడు యూజీన్ రైట్ నల్లజాతి వ్యక్తి. 1960లో అమెరికా దక్షిణాది కాలేజీలు ఆయన్ని మార్చమంటే బ్రూబెక్ ఒప్పుకోలేదు. 25 కచేరీల్లో 23 పోయాయి.

నల్లరికార్డు:
మనిషిగా ఆయన మీద నాకు గౌరవమే. దానికి స్టార్లు వేయను. లయప్రియ గారూ, ‘టేక్ ఫైవ్’ ఒప్పుకుంటా. మరి మిగతా ఆరూ?

లయప్రియ:
ఆరూ అక్కర్లేదు, చివరి ‘పిక్ అప్ స్టిక్స్’ ఒక్కటి వినండి. 6/4లో రైట్ బేస్ మీద ఎత్తుకున్న వరుసను ఆఖరి దాకా వదలరు. బ్రూబెక్ పియానో సోలో నడిచేది దాని మీదే. వెనక్కి తిరిగారన్న మీ ఆరోపణ దీనికి ఎక్కడ వర్తిస్తుందో చూపించండి.