అభ్యర్థులు సైన్స్ విషయాల మీద బహిరంగంగా చర్చించాలా? చూసినవాళ్లు, నిర్వహించినవాళ్లు చెప్పండి

వింధ్య_టీచర్
ఎన్నికల ముందు అభ్యర్థులందరినీ ఒకే వేదిక మీదికి పిలిచి సైన్స్‌తో ముడిపడిన విషయాల మీద మాట్లాడించాలని మా పూర్వ విద్యార్థుల సంఘం ఆలోచన. తాగునీటి నాణ్యత, టీకాలు, వరద హెచ్చరికలు, కరెంటు ఎక్కడినుంచి తెచ్చుకోవాలి, కృత్రిమ మేధ... గెలిచినవాళ్లు రేపు సంతకాలు పెట్టాల్సినవి ఇవే కదా. కానీ మా కమిటీలోనే సగం మంది వద్దంటున్నారు. సైన్స్‌ను ఎన్నికల్లోకి లాగితే అది కూడా పార్టీల వారీగా చీలిపోతుందని వాళ్ల భయం. మీ అనుభవాలు చెబితే మాకు దారి దొరుకుతుంది.

పాత_విలేకరి
దీన్ని పెద్ద ఎత్తున ప్రయత్నించింది అమెరికాలో. 2007 చివర్లో కొందరు రచయితలు, శాస్త్రవేత్తలు 'సైన్స్ డిబేట్' పేరుతో ఉద్యమం మొదలుపెట్టారు. అధ్యక్ష అభ్యర్థులు సైన్స్ మీద ముఖాముఖి చర్చించాలని వాళ్ల డిమాండ్. పేరున్న విజ్ఞాన సంస్థలు వెనక నిలిచాయి. 2008 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో చర్చ పెడదామని పిలిస్తే అభ్యర్థులు రాలేదు. చివరికి ఒబామా, మెకెయిన్ 14 ప్రశ్నలకు రాతలో జవాబులిచ్చారు. 2012లో ఒబామా, రామ్నీ కూడా అంతే. 2016లో క్లింటన్, ట్రంప్‌లకు 20 ప్రశ్నలు వెళ్లాయి, ఇద్దరూ రాసి పంపారు. ముఖాముఖి మాత్రం జరగనే లేదు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒకటుంది. మహమ్మారులు వస్తే ఎలా ఎదుర్కొంటారన్న ప్రశ్న 2008 జాబితాలోనే ఉంది. అది ఆ రోజుల్లో ప్రధాన వార్త కాలేదు. 2020లో ప్రపంచమంతా అదే ప్రశ్న అడిగింది.

రాత్రి_డ్యూటీ
నేను పిల్లల డాక్టర్ని. వేదిక మీద చర్చకు నేను వ్యతిరేకం. ఒకసారి ఇలాంటి సభకు వెళ్లాను. ఒక అభ్యర్థి "టీకాల మీద రెండు రకాల అభిప్రాయాలున్నాయి, రెండూ వినాలి" అన్నారు. ఎంతో మర్యాదగా, నవ్వుతూ అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు నా దగ్గరికి వచ్చిన తల్లులు "ఆ రెండో అభిప్రాయం ఏంటి డాక్టరమ్మా" అని అడుగుతూనే ఉన్నారు. టీకా తర్వాత జ్వరం ఎందుకొస్తుందో, తట్టు వస్తే ఎంత ప్రమాదమో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. కొందరు డోసు వాయిదా వేసుకుని వెళ్లిపోయారు. వేదిక మీద రెండు కుర్చీలు వేసి పక్కపక్కన కూర్చోబెడితే రెండు మాటలకూ ఒకే బరువుందని జనం అనుకుంటారు.

నిశాంత్_ల్యాబ్
డాక్టర్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఆ అభ్యర్థి మనసులో ఏముందో ఎన్నికల ముందే తెలియడం మంచిది కాదా? దక్షిణాఫ్రికా చూడండి. ఎంబెకి 1999లో అధ్యక్షుడయ్యారు. ఎయిడ్స్‌కు హెచ్‌ఐవీ కారణమన్న విషయాన్నే కాదనేవాళ్లను 2000లో తన సలహా మండలిలోకి తీసుకున్నారు. వైరస్‌ను అణిచే మందుల పంపిణీ ఆలస్యమైంది. ఆ జాప్యం వల్ల 3,30,000 మందికి పైగా చనిపోయారని హార్వర్డ్ పరిశోధకులు 2008లో అంచనా వేశారు. 'ఇలాంటి విషయం వస్తే మీరు ఎవరి మాట వింటారు' అని ఓటు వేసేముందు ఆయన్ని గట్టిగా అడిగే వీలు జనానికి ఉండాల్సింది.

నీళ్ల_ఇంజనీరు
నేను ఇలాంటి సభ నడిపాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

మొదటి గంట మాది పూర్తిగా క్విజ్‌లా సాగింది. 'నీటిలో ఫ్లోరైడ్ ఎంత వరకు ఉండొచ్చు?' లాంటి ప్రశ్నలు. ఒకాయన లీటరుకు 1.5 మిల్లీగ్రాములని టక్కున చెప్పారు. ఎవరో రాసిచ్చింది బట్టీపట్టి వచ్చారని తెలిసిపోతూనే ఉంది. పెద్దగా చదువుకోని ఇంకో అభ్యర్థి తెలియదన్నారు. జనం నవ్వారు. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చలేదు. ఆ సంఖ్య తెలిసిన ఇంజనీర్లు ఆఫీసులో ఉంటారు, అభ్యర్థికి నోటికి రానక్కర్లేదు.

విరామంలో ప్రశ్న మార్చాం. 'పరీక్షలో నీళ్లు తాగడానికి పనికిరావని తేలితే ఆ రిపోర్టు ఎప్పుడు బయటపెడతారు? ఆపమని పైనుంచి ఒత్తిడి వస్తే ఏం చేస్తారు?' అప్పుడు మొదలైంది అసలు చర్చ. చదువుకోని ఆయన అదే రోజు నోటీసు బోర్డు మీద పెడతానన్నారు. సంఖ్య చెప్పినాయన ముందు ట్యాంకర్లు ఏర్పాటు చేసి తర్వాతే చెబుతానన్నారు, లేకపోతే జనం భయపడి ఎక్కడినుంచో ఇంతకంటే పాడు నీళ్లు తెచ్చుకుంటారట. ఆ మాటలోనూ న్యాయం ఉంది. ఇద్దరూ వాదించుకున్నారు, సభలో వాళ్లూ కలగజేసుకున్నారు. ఫ్లోరైడ్ చెడ్డదా కాదా అని ఎవరూ అడగలేదు. అది తేలిపోయిన విషయం. తేలనిది, జనం తేల్చాల్సింది, ఆ తర్వాతి నిర్ణయం.

పాత_విలేకరి
ఇంజనీరు గారు చెప్పినదానికి జర్మనీ మంచి ఉదాహరణ. అప్పటి ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) మెర్కెల్ ఫిజిక్స్ చదివిన మనిషి. ఆమె ప్రభుత్వమే 2010లో అణు విద్యుత్ కేంద్రాల గడువు పెంచింది. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో ప్రమాదం జరిగిన తర్వాత అదే ప్రభుత్వం వాటిని మూసేయాలని నిర్ణయించింది. ఫిజిక్స్ ఏమీ మారలేదు, ఎంత ప్రమాదాన్ని భరించగలమన్న లెక్క మారింది. ఆ లెక్క గురించి అడగడానికి ఓటరుకు డిగ్రీ అక్కర్లేదు.

ఫైళ్ల_వెనక
నేను ఒక అభ్యర్థి ఆఫీసులో పనిచేశాను. రాతపూర్వక జవాబుల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. మా దగ్గరికి ఒక సంస్థ ప్రశ్నలు పంపితే ఇద్దరం కూర్చుని రాశాం, మా అభ్యర్థి పైపైన చూసి సరేనన్నారు. అయితే అది పూర్తిగా వృథా కాలేదు. గెలిచాక ఒక ఫైలు మీద వెనకడుగు వేయబోతే ఆ కాగితం తీసి చూపించాం. పేరుతో అచ్చయిన మాట కదా, ఆగారు.

నా సలహా: సైన్స్ తెలిసిన సలహాదారులను ఉంచుకుంటారా, వాళ్ల నివేదికలు బయటపెడతారా అని తప్పక అడగండి. అమెరికా కాంగ్రెస్‌కు 1972 నుంచి సాంకేతిక విషయాల అంచనా కోసం సొంత కార్యాలయం ఉండేది. ఖర్చు తగ్గింపు పేరుతో 1995లో మూసేశారు. సలహా చెప్పే మనిషినే తీసేస్తే సలహాను కాదనే అవసరం కూడా రాదు.

వింధ్య_టీచర్
అందరికీ ధన్యవాదాలు. ఈ రాత్రి కమిటీ ముందు ఇలా పెడతాను. తేలిపోయిన విషయాలను నిపుణులతో ఒక పేజీలో రాయించి సభకు ముందే పంచుతాం, వాటి మీద చర్చ ఉండదు. ప్రశ్నలు ముందుగా పంపి రాతలో జవాబులు తీసుకుంటాం. వేదిక మీద ఆ జవాబుల గురించే ఎదురు ప్రశ్నలు. సిబ్బంది రాసినదైతే అక్కడ బయటపడుతుంది. డాక్టర్ గారూ, టీకాల ప్రశ్న మీరే రాసివ్వగలరా?

రాత్రి_డ్యూటీ
వేదిక మీద నాకు ఇంకా భయమే. కానీ ఆ పేజీ ముందుగా అందరి చేతికీ వెళ్తుందంటే ఒప్పుకుంటాను. నా ప్రశ్న ఇది: 'మీ ప్రాంతంలో తట్టు కేసులు మొదలయ్యాయి. మీకు ఓటేసిన ఒక వర్గం టీకా వద్దంటోంది. మొదటి వారంలో వాళ్ల దగ్గరికి మీరే స్వయంగా వెళ్తారా, వెళ్తే ఎవరిని వెంట తీసుకెళ్తారు?' ఎదురు ప్రశ్న వేసే అవకాశం మాత్రం నాకే ఇవ్వండి.