సిగ్నల్ దగ్గర బండి ఇంజిన్ ఆపాలా, వద్దా?

జేఎన్‌టీయూ మలుపు:
సభ్యులందరికీ నమస్కారం. నాది నాలుగు వందల సీసీకి కాస్త తక్కువైన ఒంటి సిలిండర్ బండి, రేడియేటర్ ఉన్నది. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి రోజూ దాని మీదే వెళ్లివస్తాను. రోడ్డు ఖాళీగా ఉంటే ఏ బాధా లేదు గానీ, సాయంత్రం వరుసగా సిగ్నళ్లు పడ్డాయంటే ఫ్యాన్ మొదలై వేడిగాలి నేరుగా కుడి మోకాలి కిందికి కొడుతుంది. ఇంటికి వెళ్లి చూసుకుంటే పిక్క లోపలి వైపు ఎర్రగా కమిలి ఉంటుంది. సర్వీసు సెంటరులో చూపిస్తే పొగ తగ్గించే బీఎస్-6 నిబంధన ప్రకారం తయారైన బండ్లన్నీ ఇంతేనని చెప్పి, జాబ్ కార్డు మీద ‘లోపమేమీ లేదు’ అని రాసి పంపించారు. నేను అడగదలచినవి రెండు. సిగ్నల్ పడగానే ఇంజిన్ ఆపేయడం మంచిదేనా? సైలెన్సర్ గొట్టంలో పొగలోని విషవాయువులను తగ్గించే క్యాట్‌కాన్ అనే భాగాన్ని తీయించేస్తే వేడి సగానికి సగం పోతుందని ఒక స్నేహితుడు చెబుతున్నాడు, అందులో నిజమెంత?

పాత బుల్లెట్:
ఆపేయండి, ఇందులో ఆలోచించడానికేమీ లేదు. పెట్రోలు కాలితే పుట్టే శక్తిలో చక్రం దాకా చేరేది నాలుగో వంతు, మహా అయితే అంతకు కాస్త ఎక్కువ. తక్కినదంతా సైలెన్సర్ నుంచీ ఇంజిన్ నుంచీ వేడిగానే బయటికి పోతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఆ నాలుగో వంతుకు కూడా చక్రం దగ్గర పని లేదు కనుక కాలిన ప్రతి చుక్కా వేడే అవుతుంది, దాన్ని లాక్కుపోవడానికి ఎదురుగాలి కూడా ఉండదు. హీరో వారి ఐ3ఎస్ బండ్లు సిగ్నల్ దగ్గర తమంతట తామే ఆగిపోయి, క్లచ్ పట్టుకోగానే మళ్లీ స్టార్ట్ అవుతాయి. తయారు చేసినవారికి లేని అనుమానం మనకెందుకు? ఇక దుస్తుల సంగతి: మందపాటి నూలు ప్యాంటు, చీలమండ దాటిన తోలు బూట్లు వేసుకోండి. ట్రాక్ ప్యాంటుతో బండెక్కేవారికి వేడి గురించి ఫిర్యాదు చేసే హక్కు లేదని నా అభిప్రాయం.

పదమూడో నంబరు పానా:
పాత బుల్లెట్ గారు చెప్పింది గాలికి చల్లబడే చిన్న బండ్లకు సరిపోతుంది, అడిగినవారి బండికి సరిపోదు. రేడియేటర్ ఉన్న బండిలో వాటర్ పంపును తిప్పేది ఇంజినే. ఇంజిన్ ఆగితే దాన్ని చల్లబరిచే ద్రవం, అంటే కూలంట్, కదలదు, సిలిండర్ హెడ్‌లో నిలవ ఉన్న వేడంతా కదలని ఆ ద్రవంలోకి దిగుతుంది. ఫ్యాన్ తిరిగేటప్పుడు బండి ఆపి, రెండు మూడు నిమిషాలు పోయాక తాళం తిప్పి చూడండి. మీటరులో వేడిని చూపే గీతలు ఆపినప్పటి కంటే పైన ఉంటాయి. అందుచేత ఫ్యాన్ తిరుగుతుండగా ఇంజిన్ ఆపకూడదన్నది నా మాట.

అంతకంటే ముందు చూడవలసినది కూలంట్. తగ్గిందనగానే చాలామంది బోరు నీళ్లు పోసేస్తారు; ఆ నీళ్లలోని ఉప్పు రేడియేటర్ సన్నగొట్టాల లోపల తెల్లగా పొర కట్టి, వేడిని బయటికి పోనివ్వదు. రెక్కల మధ్య ఇరుక్కున్న మట్టిని కూడా చూసుకోండి, అయితే వాటర్ సర్వీసింగువారు ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే ఆ రెక్కలు వంగిపోతాయి కనుక మామూలు పైపు నీళ్లతోనే కడిగించండి. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత తీయకండి.

వచ్చీపోయేవాడు:
సెకన్లు చూపించే సిగ్నల్ అయితే ఆపుతాను, లేకపోతే ఆపను. ఇంతకు మించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

పాత బుల్లెట్:
పానా గారూ, తాళం తీసేయమని నేనెక్కడ అన్నాను? హ్యాండిల్ మీద ఇంజిన్‌ను ఆపే కిల్ స్విచ్ నొక్కితే తాళం ఆన్‌లోనే ఉంటుంది, ఫ్యాన్ బ్యాటరీ మీద తిరుగుతూనే ఉంటుంది. మీటరులో నాలుగు గీతలు పెరిగితే పెరగనివ్వండి. ఆ ద్రవాన్ని మూత బిగించి ఒత్తిడిలో ఉంచేదే వంద డిగ్రీలు దాటినా మరగకూడదని.

పదమూడో నంబరు పానా:
అన్ని బండ్లలోనూ అలా తిరగదు. కొన్నింటిలో కిల్ స్విచ్ నొక్కితే ఫ్యాన్ కూడా ఆగిపోతుంది, అది వైరింగును బట్టి ఉంటుంది. తిరిగినా సరే, పంపు ఆగిపోయింది కనుక ఆ ఫ్యాన్ చల్లబరిచేది రేడియేటర్‌లో చిక్కుకుపోయిన కాసింత కూలంట్‌ను మాత్రమే. సిలిండర్ చుట్టూ ఉన్నది ఉడుకుతూనే ఉంటుంది. ఈ ఒక్క సంగతికి మీరు జవాబు చెప్పలేదు.

పాత బుల్లెట్:
జవాబు చెప్పాను, మీరు చదవలేదు. సిగ్నల్ నిమిషంన్నర, మహా అయితే రెండు నిమిషాలు. అంతలో ఏ ఇంజినూ ఉడికిపోదు.

బడి బస్సు రాని వీధి:
మీరిద్దరూ ఫ్యాన్ దగ్గరే ఆగిపోయారు, వెనుక కూర్చునేవారు ఒకరున్నారన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. మేము విజయవాడ కృష్ణలంకలో ఉంటాము, మా పాపను బడికి దించేది నేనే. బడి రోడ్డుకు కుడివైపున ఉండడంతో ఒకరోజు పాప కుడివైపుకే దిగింది. దిగిన కుడికాలి లోపలి వైపు సైలెన్సర్‌కు ఆనుకుంది. అంతా ఒక్క క్షణంలో జరిగిపోయింది. గౌను అంచు కింద పిక్క మీద అరచేతిలో సగమంత బొబ్బ లేచింది. చుట్టూ చేరినవారిలో ఒకరు పేస్టు రాయమన్నారు, ఇంకొకరు సిరా పోయమన్నారు; అవేవీ రాయకుండా కుళాయి కింద ఇరవై నిమిషాలు నీళ్లు పోస్తూ ఉండాలని పక్కింటి నర్సమ్మ గారు చెప్పి దగ్గరుండి చేయించారు. చక్రంలో వెనుక కూర్చున్నవారి బట్టలు చిక్కుకోకుండా వెనుక చక్రం సగం కప్పి ఉంచాలని మోటారు వాహనాల నియమావళి 123వ నిబంధనలో రాశారు. నా బండి సైలెన్సర్‌కు ఉన్న రేకు కవచం మాత్రం పైభాగాన్నే కప్పుతుంది, పిల్లల కాలు తగిలే వంపు బయటికే ఉంటుంది. మీరు మాట్లాడుకునే ఆ వేడి గొట్టాన్ని చూసి ఎడమవైపు దిగాలని ఆరేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది?

పాత బుల్లెట్:
అమ్మా, పాపకు జరిగింది బాధాకరమే, కాదనను. అయితే ఎడమవైపే దిగాలని నేర్పవలసింది పెద్దవాళ్లే కదా. మా నాన్నగారి బండి మీద మేము ముగ్గురం పిల్లలం తిరిగాం, ఆ రోజుల్లో సైలెన్సర్‌కు ఏ కవచమూ లేదు. నడిమి ఎండలో గుంటూరు నుంచి శ్రీశైలం వెళ్లినప్పుడు కూడా వేడి అన్న మాట మా నోట రాలేదు. ఈ రోజుల్లో కాస్త గాలి వెచ్చగా తగిలితే చాలు, కంపెనీదే తప్పంటున్నారు. తట్టుకోలేనివారికి ఆర్టీసీ బస్సు ఉండనే ఉంది.

మిట్టమధ్యాహ్నం:
అన్నగారూ, ఆ చివరి మాట వెనక్కి తీసుకోండి. నేను ఇంటింటికీ భోజనం చేరవేసి బతుకుతాను. నాకు ఆర్డర్లు పడేదే పన్నెండు నుంచి మూడు గంటల మధ్య, నేను బస్సెక్కితే ఆ భోజనం ఎవరు తెస్తారు? మీరు శ్రీశైలం వెళ్లింది సరదాకి, మధ్యలో చెట్టు కింద ఆగి మజ్జిగ తాగి ఉంటారు. గాలి నలభై రెండు డిగ్రీలు ఉన్నప్పుడు బండి పరుగెత్తినా ఒంటికి చల్లదనం రాదు, ఎందుకంటే చర్మం వేడి ముప్పై అయిదు దగ్గర ఉంటుంది కనుక ఆ గాలి మనల్ని ఇంకా వేడెక్కిస్తుంది. అప్పుడు కాపాడేది చెమట ఒక్కటే, ఆ చెమటకు నీళ్లు కావాలి. అందుకే పొడుగు చేతుల చొక్కా తడిపి వేసుకుంటాను, ముఖం అద్దం మూసే ఉంచుతాను. మందపాటి ప్యాంటు, తోలు బూట్లు అని సులువుగా చెప్పేశారు. రోజుకు ఎన్నో అంతస్తులు మెట్లెక్కి దిగేవాడికి ఆ బూట్ల లోపల ఏమవుతుందో మీకు తెలియదు.

మీ ఇద్దరి గొడవ కూడా నాకు ఇప్పుడు అర్థమైంది. పానా గారు మాట్లాడేది ఇంజిన్ గురించి, మీరు మాట్లాడేది మీ కాలి గురించి. ఇంజిన్‌కు మంచిదీ కాలికి మంచిదీ ఒకటే అవ్వాలని ఎక్కడా లేదు.

పదమూడో నంబరు పానా:
మిట్టమధ్యాహ్నం గారి మాటను ఒప్పుకుంటాను. కానీ ఇంజిన్ పాడైతే ఖర్చు పెట్టేది కూడా ఆ కాలున్న మనిషే.

క్యాట్‌కాన్ ప్రశ్న అలాగే ఉండిపోయింది కనుక చెబుతున్నాను. లోపలి వేడి రెండున్నర వందల నుంచి మూడు వందల డిగ్రీలకు చేరితే గానీ అది సరిగా పని చేయదు. బండి స్టార్ట్ చేసిన వెంటనే ఆ వేడికి చేరాలంటే దాన్ని ఇంజిన్‌కు దగ్గరగా పెట్టాలి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక చాలా బండ్లలో అది కుడికాలి పక్కకే చేరడానికి కారణమిదే. తీయిస్తే ఆ గొట్టం దగ్గర వేడి కొంత తగ్గుతుంది గానీ, మీ మోకాలికి కొట్టేది రేడియేటర్ గాలి కనుక అందులో ఏ మార్పూ ఉండదు. గొట్టానికి గాజునార పట్టీ చుట్టిస్తారు కొందరు, అది తేమను పట్టి ఉంచి వానాకాలంలో గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. పైగా కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇలా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కిందికి వస్తుంది.

జేఎన్‌టీయూ మలుపు:
చట్టం సంగతి సరే. మూడు లక్షలు పోసి కొన్న బండిలో వేడిగాలిని కాలి మీదికి కాకుండా పక్కకు మళ్లించే ప్లాస్టిక్ రేకు ఒకటి పెట్టలేరా? బీఎస్-6 నిబంధన పొగ గురించి వచ్చింది, నా పిక్క కాల్చమని అందులో రాయలేదు కదా. అందుకే క్యాట్‌కాన్ తీయించాలన్న ఆలోచన ఇంకా పూర్తిగా పోలేదు.

మిట్టమధ్యాహ్నం:
తీయించండి, మీ పిక్క చల్లగా ఉంటుంది. సిగ్నల్ దగ్గర మీ వెనుక ఆగేది మాత్రం నేను. మీ కాలికి తగ్గిన వేడి, పొగ రూపంలో నా ముక్కులోకి వస్తుంది, అక్కడ పిల్లను కూర్చోబెట్టుకున్న ఆ తల్లి ముక్కులోకి కూడా వస్తుంది. కంపెనీని నిలదీయండి, జాబ్ కార్డు మీద రాతపూర్వకంగా కారణం అడగండి, దానికి నేను కూడా సంతకం పెడతాను. మీ వేడిని మా మీదికి తోయడం మాత్రం పరిష్కారం కాదు.

పాత బుల్లెట్:
బస్సు మాట వెనక్కి తీసుకుంటున్నాను, బతుకుతెరువు కోసం తిరిగేవారిని ఉద్దేశించి అనలేదు. సరదాకి పెద్ద బండి కొనుక్కున్నవారికి మాత్రం అదే మాట మళ్లీ చెబుతాను.

బడి బస్సు రాని వీధి:
నేను సరదాకి కొనుక్కోలేదు. ఇంటి దగ్గరి వెల్డింగు షాపులో సైలెన్సర్ వంపు మీదికి చిల్లుల రేకు ఒకటి, గొట్టానికి వేలెడు ఎడంగా నిలిచేటట్టు, క్లాంపులతో బిగించి ఇస్తామన్నారు. ఎడం ఉంటే రేకు అంతగా కాలదని చెప్పారు. ఎవరైనా అలా చేయించి ఉంటే ఎలా ఉందో చెప్పండి.

పదమూడో నంబరు పానా:
ఎడం ఉండాలన్నది నిజమే, మధ్యలో గాలి ఆడాలి. గొట్టానికి వెల్డింగు మాత్రం చేయనివ్వకండి, క్లాంపులే మంచివి. రేకు అంచులు మడిచి ఇవ్వమనండి, లేకపోతే పాప కాలు కోసుకుంటుంది.

జేఎన్‌టీయూ మలుపు:
క్యాట్‌కాన్ జోలికి వెళ్లను. ఈ చర్చ చదివాక బండితో వచ్చిన పుస్తకం తీసి మొత్తం చూశాను. ఫ్యాన్ తిరిగేటప్పుడు ఇంజిన్ ఆపమనీ రాయలేదు, ఆపవద్దనీ రాయలేదు.

పదమూడో నంబరు పానా:
అంటే నేను చెప్పింది తప్పని రాయలేదు.

పాత బుల్లెట్:
ఒప్పని కూడా రాయలేదు.