అప్‌డేట్: పది నెలల పాప, నైట్ డ్యూటీలు... ఉద్యోగం మానలేదు

ఐసీయూలో స్టాఫ్ నర్సుని, పాపకు పది నెలలు, నైట్లు చేయలేక రాజీనామా చేయాలా అని పోయిన నెల అడిగాను కదా. చేయలేదు. మీరు చెప్పిన ప్రసూతి ప్రయోజన చట్టం 2017 సవరణ ప్రింట్ తీసుకుని సూపరింటెండెంట్ మేడమ్‌ని కలిశాను. దాని ప్రకారం 50 మంది, ఆపైన ఉద్యోగులుంటే క్రెష్ (డ్యూటీ టైంలో ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలి, తల్లి రోజుకు 4 సార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. క్రెష్ ఇంకా రాలేదు, అడుగుతూనే ఉంటాను. వరస నైట్లు మాత్రం తగ్గించారు.

ఇప్పటికీ కష్టమే. పొద్దున తర్వాతి షిఫ్ట్ వాళ్లకు హ్యాండోవర్ ఇచ్చి ఇంటికొస్తే గుమ్మంలోనే అత్తయ్య చంకలోంచి పాప రెండు చేతులూ చాపుతుంది, స్నానం చేసేదాకా ఎత్తుకోలేను, ఆ పది నిమిషాలు దాని ఏడుపు వింటూ గబగబా నీళ్లు పోసుకుంటాను.