చైన్ సా: రాత్రికి ఆయిలంతా కింద, కోసేటప్పుడు చైను మాత్రం ఎండే

సరుగుడు_తోట
58 సీసీ కోత మిషన్, కొని రెండేళ్లయింది. ఇప్పుడు రెండు బాధలు. సాయంత్రం ఆయిల్ నిండా పోసి షెడ్డులో పెడితే పొద్దున్నకి కింద వేసిన గోనెసంచి తడిసి ముద్దవుతోంది. పోనీ కోసేటప్పుడైనా వస్తోందా అంటే అదీ లేదు. పది సరుగుడు మాన్లు కోసేసరికి పొగ వస్తోంది, చైను తిరిగే పొడవాటి రేకు, అదే బారు, దాని కొసన నీలం తిరిగింది. ఆయిల్ ఇంత కారిపోతూ చైనుకి ఎందుకు అందట్లేదు? ఇక్కడి రిపేరు కుర్రాడు చైనుకి ఆయిల్ తోసే పంపు పోయింది అంటున్నాడు. మార్చాలా? చైను ఎంత బిగించాలో కూడా చెప్పండి.

పాలమూరు_రైతు
అన్నా, పంపు జోలికి అప్పుడే పోకు. బారు ఊడదీసి గాడి చూడు. పోయిన ఎండాకాలం చింత మొద్దులు కోసేటప్పుడు నాకూ ఇదే గోస. పొట్టు, ఆయిల్ కలిసి గాడిలో తారులా గట్టిపడింది. విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్కతో గీకితే జానెడు జానెడు తాడులా ఊడొచ్చింది. బారు మొదట్లో సన్న రంధ్రం ఉంటది, సైకిల్ చువ్వతో పొడువు. బారు తిరగేస్తే రెండో రంధ్రం పనిలోకి వస్తది, దాన్నీ శుభ్రం చెయ్.

ఉద్దానం_కొబ్బరి
ఏ ఆయిల్ పోస్తున్నారో రాయలేదు. అసలు సంగతి అదే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మా తోటలన్నీ నేలమట్టం చేసింది. కొబ్బరి, జీడి, పనస, ఏదీ మిగల్లేదు. దారులు తెరవాలంటే మిషన్లే దిక్కు. అప్పుడు ఏది దొరికితే అది పోశాం, ట్రాక్టరు నుంచి తీసిన కాలిన ఆయిల్ కూడా. రెండు వారాలు తిరక్కుండానే పంపు బిగుసుకుపోయింది. విప్పితే లోపల నల్లటి మడ్డి. వేళ్ల మధ్య రుద్ది ఎండలో పెడితే ఇనుప రజను మెరిసింది. ఆ రోజుల్లో మిషన్ ఆగిపోవడం అంటే ఏమిటో మాకు తెలుసు. కాలిన ఆయిల్ మాత్రం వద్దు.

జామాయిల్_కాంట్రాక్టు
18 ఏళ్లుగా జామాయిల్ కొట్టిస్తున్నాను. ఐదు మిషన్లు. అన్నింటికీ కాలిన ఆయిలే. పాత లుంగీ గుడ్డ రెండు మడతలు వేసి వడగడితే ఏమీ కాదు. లీటర్లకు లీటర్లు కొత్త ఆయిల్ పోస్తే నాకు కూలి కూడా మిగలదు. తుపానులో రెండు వారాలు వాడి తీర్పు చెప్పకండి.

ఉద్దానం_కొబ్బరి
లుంగీ గుడ్డలో ఆగేది చెత్త. కంటికి కనిపించని ఇనుప రజను ఆగదు. 18 ఏళ్లలో ఎన్ని పంపులు మార్చారో అది కూడా రాయండి.

జామాయిల్_కాంట్రాక్టు
పంపు ఏటా ఒకటి పోతుంది, ఏ ఆయిల్ పోసినా పోతుంది. మీరు నాకు లెక్కలు చెప్పక్కర్లేదు.

డల్లాస్_తెలుగు
బ్రదర్స్, డబ్బు పక్కన పెట్టండి. చైను నుంచి ఆయిల్ చిమ్మేది మనిషి మీదికే. కాలిన ఇంజిన్ ఆయిల్ ఏళ్ల తరబడి చర్మానికి తగిలితే క్యాన్సర్ ముప్పు ఉంది. ఇక్కడ మా పెరట్లో ఓక్ కొమ్మలు కోయడానికి చైనుకి అంటుకునే జిగురున్న బార్ ఆయిలే వాడతాను. చలికాలంలో అది చిక్కబడి పంపు లాగలేదు, అప్పుడు పల్చని రకం మారుస్తాను. మీ ఎండలకి చిక్కనిదే కావాలి.

జామాయిల్_కాంట్రాక్టు
పెరట్లో నాలుగు కొమ్మలు కోసేవాళ్లకి ఏదైనా కుదురుతుంది. మా దగ్గర రోజుకి టన్నుల లెక్క.

పాలమూరు_రైతు
కాంట్రాక్టరు గారూ, మీ దగ్గర మిషన్ పట్టేది మీరు కాదు కదా. పట్టేవాళ్ల చొక్కాలు చూడండి ఒకసారి. మా తమ్ముడు ఆ పనే చేశాడు, ముంజేతుల మీద పొక్కులు నెలల తరబడి మానలేదు. నేను చిక్కటి నైంటీ గేర్ ఆయిల్ పోస్తా, ఖర్చు కాస్త ఎక్కువైనా సరే.

ఆముదం_పొలం
ఆముదం ఎందుకు వాడరు? చిక్కగా ఉంటుంది, అంటుకుంటుంది. మా ఇంట్లో పండేదే.

మిషన్_మెకానిక్
ఆముదం పోసి మిషన్ రెండు నెలలు మూల పెడితే జిగురు కడుతుంది. అలా వచ్చిన మిషన్లు నా బల్ల మీద చాలా విప్పాను. రోజూ వాడేవాళ్లయితే వాడుకోండి.

ఇక అసలు ప్రశ్న. 22 ఏళ్లుగా ఇదే పని నాది. ఆయిల్ రాకపోతే వెంటనే పంపు మార్చేవాడు మెకానిక్ కాదు. బారు, చైను తీసేయండి. ఆయిల్ పోసి, మిషన్ స్టార్ట్ చేసి, రేజు పెంచి చూడండి. బాడీ మీద బారు ఆనుకునే చోట ఉన్న రంధ్రం నుంచి ఆయిల్ ఊరితే పంపు బాగున్నట్టే. ఊరకపోతే ట్యాంకు మూత కాస్త వదులు చేసి మళ్లీ చూడండి. అప్పుడు వస్తే ట్యాంకుకి గాలి అందే దారి మూసుకుపోయింది. అప్పటికీ రాకపోతే ట్యాంకులో పైపు చివర ఫిల్టరు, తర్వాత క్లచ్ వెనక పంపుని తిప్పే వార్మ్ గేరు చూడాలి. ఈ రకం మిషన్లలో అది ప్లాస్టిక్, వేడికి పళ్లు కరుగుతాయి. క్లచ్ మాత్రం కుడివైపు తిప్పితే ఊడుతుంది, ఎడమకి తిప్పి బలం చూపిస్తే విరుగుతుంది.

బారు మిషన్‌తో వచ్చిందేనా? మార్చారా?

సరుగుడు_తోట
మెకానిక్ గారూ, మీరు చెప్పినట్టే చూశాను. బాడీ రంధ్రం నుంచి ఆయిల్ చక్కగా ఊరుతోంది. బారు మాత్రం మూడు నెలల క్రితం మార్చాను. షాపులో 22 అంగుళాలది, అన్నింటికీ సరిపోతుంది అన్నారు.

మిషన్_మెకానిక్
ఈ మాట మొదటే రాయాలి కదండీ! పొడవు సరిపోతే చాలదు. బారు బిగించి, బాడీ రంధ్రానికి బారు మీది రంధ్రం ఎదురుగా వస్తోందో లేదో చూడండి. రాకపోతే ఆయిల్ గాడిలోకి పోదు, బారుకీ బాడీకీ మధ్య నుంచి జారి కింద పడుతుంది. మీ సంచి తడవడంలో సగం అదే.

జీడిమామిడి_పలాస
తిత్లీ గురించి రాశారు కాబట్టి అడుగుతున్నాను. అప్పుడు పడిన జీడి మొద్దులు ఇంకా ఉన్నాయి మాకు. చెదలు పట్టాయి. వాటిని కోస్తుంటే మట్టికి చైను ఊరికే మొద్దుబారుతోంది. ఏం చేయాలి?

ఉద్దానం_కొబ్బరి
మట్టి కడిగి, బెరడు చెక్కేసి కోయండి. మొద్దుబారిన చైను పెళ్లలు తీయదు, పిండి తీస్తుంది. ఆ పిండే ఆయిల్ దారి మూసేస్తుంది.

వరి_గోదావరి
మా గట్టు మీద ఎండిన వేప ఉంది. దానికీ వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద పర్మిషన్ కావాలా?

సరుగుడు_తోట
దొరికింది. బారు మొదట్లో సుద్దముక్క రుద్ది బిగించి, విప్పి చూస్తే ఆయిల్ మరక రంధ్రానికి బియ్యపుగింజంత కింద పడింది. షాపువాళ్లు వాపసు తీసుకోలేదు. పాత బారు అంచులు ఆకురాయితో సమం చేసి మళ్లీ అదే ఎక్కించాను. సిమెంటు సంచి కాగితం పరిచి, కొస దాని వైపు పెట్టి రేజు ఇస్తే చైను చిమ్మిన ఆయిల్‌తో సన్నని నల్లగీత పడింది. పెట్రోల్ ట్యాంకు ఖాళీ అయ్యేసరికి ఆయిల్ వేలెడు మిగిలింది.

ఒక సంగతి దాచాను. చైనుకి అందట్లేదని కాలిన ఆయిల్‌లో డీజిల్ కలిపి పోస్తున్నాను.

ఉద్దానం_కొబ్బరి
మరి కారకేం చేస్తుంది! డీజిల్ కలిస్తే నీళ్లే. రాత్రంతా పంపు సందుల్లోంచి జారిపోతుంది. ట్యాంకు కడిగి చిక్కని ఆయిల్ పోయండి, ఇవాళే.

సరుగుడు_తోట
కడిగాను. నైంటీ పోశాను. ఈ పొద్దున సంచి మీద అరచేయంత మరకే ఉంది.

మిషన్_మెకానిక్
గాడిలో నిలిచిన ఆయిల్ అంత కారుతుంది, భయం లేదు. వారం తర్వాత కూడా పెరిగితే ట్యాంకు నుంచి పంపుకి వచ్చే రబ్బరు పైపు పగిలిందేమో చూడండి.

సరుగుడు_తోట
చైను బిగింపు సంగతి ఎవరూ చెప్పలేదు.

పాలమూరు_రైతు
మిషన్ ఆపి, చల్లారాక, గ్లౌజు వేసుకుని, బారు కొస పైకెత్తి పట్టుకుని బిగించు. చైను అడుగున వేలాడొద్దు, చేత్తో లాగితే సాఫీగా తిరగాలి. వేడి మీద బిగిస్తే చల్లారాక పట్టేస్తది.